ప్రేక్షకుణ్ని తేలిగ్గా వదలని దర్శకుడు: లూయిస్ బున్యుయెల్

1961 మే నెలలో కాన్ చిత్రోత్సవం చివరికొచ్చేసరికి స్పెయిన్‌కు పెద్ద గౌరవం దక్కింది. ఆ దేశం తరఫున అధికారికంగా వచ్చిన ‘విరిదియానా’కు అత్యున్నత బహుమతి పామ్ డోర్ ప్రకటించారు, ఒక ఫ్రెంచ్ సినిమాతో కలిపి. స్పెయిన్ ప్రభుత్వంలో సినిమా శాఖ చూసే అధికారి హోసే మున్యోస్ ఫోంతాన్ స్వయంగా వేదికెక్కి బహుమతి అందుకున్నాడు. ఆ వెంటనే వాటికన్ పత్రిక ఆ సినిమాను దైవదూషణ అంటూ దుమ్మెత్తిపోసింది. నియంత ఫ్రాంకో ప్రభుత్వం బహుమతి తీసుకున్న అధికారిని పదవిలోంచి తప్పించి, సినిమాను నిషేధించింది. ఫ్రాంకో చనిపోయాక కూడా ఏడాది పైనే గడిచి, 1977లో గానీ స్పెయిన్ ప్రజలు దాన్ని తమ థియేటర్లలో చూడలేకపోయారు.

దాన్ని తీసిన లూయిస్ బున్యుయెల్‌కు అప్పటికి అరవై ఒక్క ఏళ్లు. గొడవలు ఆయనకు కొత్త కాదు. 1929లో తొలి సినిమా నుంచీ చర్చి, పోలీసులు, దేశభక్త సంఘాలు, ప్రభుత్వాలు ఎవరో ఒకరు ఆయన మీద మండిపడుతూనే ఉన్నారు. అందుకే ఆయన పేరు చెప్పగానే చాలామందికి ‘షాక్ ఇచ్చే దర్శకుడు’ అన్న ముద్ర గుర్తొస్తుంది. కన్ను కోసే దృశ్యం గుర్తొస్తుంది.

ఆ ముద్ర ఆయనకు అన్యాయం చేస్తోందని నా అభిప్రాయం. ఒళ్లు జలదరించే దృశ్యాలు తీసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది పాతబడిపోయారు. బున్యుయెల్ సినిమాలు మాత్రం ఇప్పటికీ చూసేవాణ్ని ఇబ్బంది పెడతాయి. ఎందుకంటే సినిమా చూస్తున్నప్పుడు మనమంతా కోరుకునే ఒక సుఖాన్ని ఆయన ఇవ్వడు. అది ‘నేను మంచివాళ్ల పక్షాన ఉన్నాను’ అన్న సుఖం. ఆయన సినిమాలో పేదవాణ్ని చూసి జాలిపడదామంటే ఆ పేదవాడు క్రూరంగా ప్రవర్తిస్తాడు. సాధ్విని చూసి చేతులు జోడిద్దామంటే ఆమె దయే జరగకూడని పనికి దారి తీస్తుంది. ధనవంతుణ్ని అసహ్యించుకుందామంటే అతను మర్యాదగా, సరదాగా, ఇష్టపడేలా ఉంటాడు. ఆయన జీవితాన్నీ సినిమాలనీ ఈ వైపు నుంచి చూస్తే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

బున్యుయెల్ 1900 ఫిబ్రవరి 22న స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతంలో కలాందా అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి క్యూబాలో వ్యాపారం చేసి బాగా సంపాదించి తిరిగొచ్చినవాడు. కుటుంబం సరగోసా నగరానికి మారింది. అక్కడ జెస్యూట్ పాదిరీల బడిలో చదువు. పాపం, నరకం, దేహం, శిక్ష అనే మాటల మధ్య పెరిగిన పిల్లవాడు తర్వాత నాస్తికుడయ్యాడు, కానీ ఆ బడి ఆయన్ని వదల్లేదు. ‘దేవుడి దయవల్ల నేను నాస్తికుణ్ని’ అని ఆయన చెప్పిన మాట ప్రసిద్ధం. కలాందాలో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మొదలుపెట్టి మర్నాటి దాకా ఊరంతా డప్పులు వాయిస్తారు, చేతులు చిట్లి రక్తం కారినా ఆపరు. ఆ డప్పుల మోత ఆయన సినిమాల్లో పదే పదే వినిపిస్తుంది. మతం మీద ఆయన కోపంలో ఎప్పుడూ ఒక ఇంటివాడి చనువు కనిపిస్తుంది. బైటినుంచి రాళ్లేసేవాడికి ఆ చనువు దొరకదు.

1917లో మాడ్రిడ్‌కు చదువుకి వెళ్లి ‘రెసిదెన్సియా దె ఎస్తుదియాంతెస్’ అనే విద్యార్థి వసతి గృహంలో చేరాడు. కవి ఫెదెరికో గార్సియా లోర్కా, చిత్రకారుడు సాల్వదోర్ దాలీ అక్కడే స్నేహితులయ్యారు. 1925లో పారిస్ చేరి, దర్శకుడు జాన్ ఎప్స్‌టైన్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. 1929లో దాలీతో కలిసి రాసి, తల్లి ఇచ్చిన డబ్బుతో ‘ఉన్ షియెన్ అందలూ’ తీశాడు. నిడివి పావుగంట పైచిలుకు. ఇద్దరి కలల నుంచి పుట్టింది. పల్చటి మేఘం చంద్రుణ్ని కోస్తూ వెళ్లడం, క్షురకత్తి కన్నును కోయడం బున్యుయెల్ కల. అరచేతి నిండా చీమలు దాలీ కల. రాసేటప్పుడు ఇద్దరూ పెట్టుకున్న నియమం ఒకటే: దేనికైనా తర్కబద్ధమైన అర్థం దొరికితే ఆ దృశ్యం తీసేయాలి. కోసింది దూడ కన్ను. కత్తి పట్టుకుని తెరమీద కనిపించేది బున్యుయెలే.

తొలి ప్రదర్శన రోజున జనం తిరగబడితే విసరడానికి జేబుల్లో రాళ్లు పెట్టుకుని తెరవెనక నిలబడ్డానని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. రాళ్ల అవసరం రాలేదు. పారిస్ పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు, సినిమా నెలల తరబడి ఆడింది. ఈ విజయం బున్యుయెల్‌ను సంతోషపెట్టడం మాట అటుంచి, చిరాకు పెట్టింది. హత్యకు పిలుపులాంటి సినిమా తీస్తే దాన్ని అందంగా, కవితాత్మకంగా ఉందని మెచ్చుకునేవాళ్లను ఏం చేయాలని ఆయన కోపంగా రాశాడు. షాక్‌ను కూడా జనం వినోదంలా మింగేయగలరని ఆయనకు మొదటి సినిమాకే అర్థమైపోయింది. తర్వాత ఆయన పట్టిన దారికి అసలు మలుపు ఇక్కడే ఉందనుకుంటాను.

సర్రియలిజం, అంటే తర్కాన్ని పక్కనబెట్టి కలలకూ అచేతనకూ పెద్దపీట వేసే కళా ఉద్యమం, అనే మాట శ్రీశ్రీ పుణ్యమా అని మనకు ఎప్పటినుంచో తెలుసు. మన దగ్గర అది ఎక్కువగా కవిత్వ శైలిగానే చర్చకొచ్చింది. పారిస్‌లో కవి ఆంద్రె బ్రెతాన్ చుట్టూ చేరినవాళ్లకు అది శైలి ఒక్కటే కాదు, నీతికి సంబంధించిన వ్యవహారం. కుటుంబం, దేశం, మతం అనే మూడింటి మీదా తిరుగుబాటు. బున్యుయెల్ ఆ బృందంలో చేరాక తీసిన ‘లాజ్ డోర్’ (1930) నేరుగా ఆ తిరుగుబాటు. ప్రేమించుకునే ఒక జంటను సమాజం ప్రతిసారీ విడదీస్తూ ఉంటుంది, అంతే కథ. డబ్బు పెట్టింది ఒక ఫ్రెంచ్ కులీనుడు, వికోంత్ షార్ల్ ద నొయాయ్. డిసెంబరులో మితవాద (రైట్‌వింగ్) సంఘాలవాళ్లు ‘స్టూడియో 28’ థియేటర్ మీద పడి తెర మీద సిరా చల్లి, లాబీలో ఉంచిన సర్రియలిస్టు చిత్రాలను చింపేశారు. పోలీసు అధిపతి జాన్ షియాప్ సినిమాను నిషేధించాడు. పారిస్‌లో అది మళ్లీ మామూలుగా విడుదలయ్యేసరికి 1981 వచ్చింది. బున్యుయెల్ ఆ పేరు మర్చిపోలేదు. 1964లో తీసిన ఒక పనిమనిషి కథలో, చివర్న వీధిలో ఊరేగే ఫాసిస్టు గుంపు చేత ‘షియాప్ వర్ధిల్లాలి’ అని అరిపించాడు.

ఆ తర్వాతి ‘లాస్ ఉర్దెస్’ (1933) దగ్గర కాస్త ఆగాలి. స్పెయిన్‌లో ఎక్స్త్రెమదురా ప్రాంతపు కొండల్లో అతి పేద పల్లెల మీద తీసిన డాక్యుమెంటరీ ఇది. రామోన్ అసీన్ అనే అరాచకవాది స్నేహితుడు, లాటరీ తగిలితే నీ సినిమాకు డబ్బిస్తానని మాటిచ్చాడు. నిజంగానే తగిలింది, మాట నిలబెట్టుకున్నాడు. (1936లో అంతర్యుద్ధం మొదలైన కొన్ని వారాలకే ఫ్రాంకో పక్షం వాళ్లు అసీన్‌ను కాల్చి చంపారు.) సినిమాలో ఆకలి, జబ్బు, చావు చూపిస్తూ వెనక బ్రామ్స్ సింఫనీ వినిపిస్తుంది, వ్యాఖ్యాత గొంతులో దయ అనేది వినపడదు. ఒక మేక కొండమీంచి జారి పడి చచ్చిపోయే దృశ్యం ఉంది. జాగ్రత్తగా చూస్తే ఫ్రేము అంచున తుపాకీ పొగ కనిపిస్తుంది. అంటే మేక జారలేదు, కాల్చారు. ఆ పొగను కత్తిరించి పారేయడం ఎడిటింగ్‌లో క్షణం పని. ఆయన ఉంచేశాడు. పేదరికాన్ని చూసి ‘అయ్యో’ అని నిట్టూర్చే ప్రేక్షకుడికి, నువ్వు చూస్తున్నది ఒకడు అమర్చిన బొమ్మ సుమా అని చెప్పే ఆనవాలు అది.

ఇలా చదవడం నాకు నచ్చుతుంది, కానీ దీంతో ఆయన్ని పూర్తిగా వెనకేసుకురాలేను. తేనె పూసి తేనెటీగలకు ఒక గాడిదను బలిచ్చిన సినిమా అది. తమను ఇంత దీనంగా చూపించారని అక్కడి జనం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బాధపడ్డారు, ఆ బాధలో న్యాయం ఉంది. అప్పటి స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం కూడా దేశం పరువు తీసిందని సినిమాను నిషేధించింది. రాచరికం పోయి ప్రజాప్రభుత్వం వచ్చాక కూడా నిషేధమే. తనవాళ్లనుకున్న పక్షాన్ని కూడా బున్యుయెల్ సుఖంగా ఉండనివ్వలేదు.

అంతర్యుద్ధం ఆయన్ని దేశం దాటించింది. న్యూయార్క్‌లో ఆధునిక కళా మ్యూజియంలో ఉద్యోగం చేశాడు. దాలీ తన ఆత్మకథలో ఈయన నాస్తికుడని రాయడం గొడవై 1943లో ఆ ఉద్యోగం పోయింది. హాలీవుడ్‌లో డబ్బింగ్ పనులు చేశాడు. పదమూడేళ్ల పాటు సొంతంగా సినిమా అన్నది లేదు. 1946లో మెక్సికో వెళ్లినప్పుడు ఆయన చేతికి దొరికింది పాటలతో నడిచే కమర్షియల్ సినిమా. మొదటిది ఫ్లాప్. 1949లో ‘ఎల్ గ్రాన్ కలవేరా’ అనే హాస్య చిత్రం బాగా ఆడాక నిర్మాత ఆస్కార్ డాన్సిజర్స్, ఈసారి మెక్సికో నగరంలోని వీధి పిల్లల మీద గట్టి సినిమా తీద్దామన్నాడు. అదే ‘లోస్ ఒల్విదాదోస్’ (1950).

బున్యుయెల్ గొప్పతనం ఒక్క సినిమాలో చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. పేద పిల్లల సినిమాలకు మనందరికీ అలవాటైన ఒక పద్ధతి ఉంది: పిల్లలు అమాయకులు, సమాజం చెడ్డది, చివర్న కన్నీళ్లు. ఇందులో ఎల్ హైబో అనే కుర్రాడి ముఠా ఒక గుడ్డి వీధి గాయకుణ్ని రాళ్లతో కొడుతుంది, కాళ్లు లేనివాణ్ని బండిలోంచి కింద పడేస్తుంది. ఆ గుడ్డివాడి మీద జాలిపడదామంటే వాడు ఇంట్లోకి వచ్చిన చిన్నపిల్లతో తప్పుగా ప్రవర్తించే ముసలాడు. పెద్రో అనే పిల్లాడు తల్లి ప్రేమ కోసం అల్లాడిపోతాడు, ఆ తల్లి ఆకలిగా ఉన్న కొడుక్కి తిండి పెట్టదు. ‘మెక్సికో తల్లి ఎవరూ అలా చేయరు’ అని యూనిట్‌లో జుట్టు సింగారించే ఆవిడ పని మానేసి వెళ్లిపోయిందని ఆయన ఆత్మకథలో ఉంది. పెద్రోను వ్యవసాయం నేర్పే సంస్కరణ బడిలో పెడతారు. అక్కడ కోళ్ల దగ్గర కోపంగా గుడ్లు పీలుస్తూ, ఉన్నట్టుండి మనవైపు తిరిగి ఒక గుడ్డు విసురుతాడు. అది కెమెరా లెన్స్‌కు తగిలి పగిలి, సొన తెర మీద కారుతుంది. అంతసేపూ ఆ పిల్లాణ్ని చీకట్లో కూర్చుని జాలిగా చూస్తున్నది మనమే. వాడి కోపం మనమీదే.

ముగింపులో పెద్రో చచ్చిపోతాడు. శవం తమ కొట్టంలో దొరికితే పోలీసులు వస్తారన్న భయంతో ఒక తాతా మనవరాలూ దాన్ని గోనెలో కట్టి గాడిద మీద వేసుకుని రాత్రిపూట బయల్దేరతారు. దారిలో కొడుకు కోసం వెతుక్కుంటున్న తల్లి ఎదురై, పలకరింపుగా తలూపి వెళ్లిపోతుంది. శవాన్ని చెత్తకుప్ప మీదుగా దొర్లించేస్తారు. మెక్సికోలో సినిమాను మూడు నాలుగు రోజులకే థియేటర్ల నుంచి తీసేశారు, ఈ విదేశీయుణ్ని దేశం నుంచి వెళ్లగొట్టాలని కొందరు డిమాండ్ చేశారు. (ఆయన అప్పటికే మెక్సికో పౌరసత్వం తీసుకున్నాడు.) 1951లో కాన్‌లో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాక స్వరం మారింది. కాన్‌లో ఆ సినిమా కోసం వ్యాసం రాసి స్వయంగా పంచిపెట్టినవాడు కవి ఒక్తావియో పాస్. తర్వాత 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా పనిచేసింది ఆయనే. 2003లో యునెస్కో ఈ సినిమాను ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది.

మెక్సికోలో పని చేసిన తీరు ఆయన చేతిని దిద్దింది. చేతిలో డబ్బు తక్కువ, మూడు నాలుగు వారాల్లో షూటింగ్ అయిపోవాలి. అందుకే కెమెరా హంగులు లేవు, కావలసినంతే తీయడం, నేపథ్య సంగీతంతో ఏడిపించకపోవడం అలవాటయ్యాయి. కెమెరామన్ గాబ్రియెల్ ఫిగెరోవా అందమైన మేఘాలకూ కొండలకూ పేరున్నవాడు. ‘నసరీన్’ షూటింగ్‌లో అతను అగ్నిపర్వతం కనిపించేలా అద్భుతమైన ఫ్రేము పెడితే బున్యుయెల్ కెమెరాను ఏమీ లేని వైపుకి తిప్పించాడని చెప్పుకుంటారు. ఈ సాదాతనమే ఆయన ఆయుధం. ఎంత విపరీతమైన సంగతినైనా కాఫీ తాగుతున్నట్టు చూపిస్తాడు. ఇక్కడ భయపడు, ఇక్కడ నవ్వు అని చెప్పే సంగీతం లేనప్పుడు ఏమనుకోవాలో మనమే తేల్చుకోవాలి.

ఇక ‘విరిదియానా’. సన్యాసినిగా దీక్ష తీసుకోబోతున్న అమ్మాయి ఆఖరిసారి పెదనాన్న వరసైన బంధువు ఇంటికి వస్తుంది. ఆమెలో చనిపోయిన తన భార్య పోలిక చూసి అతను మత్తు మందిస్తాడు, హద్దు దాటబోయి ఆగిపోతాడు, తర్వాత ఉరేసుకుంటాడు. ఉరికి వాడింది పనిమనిషి కూతురికి ఆడుకోమని తనే ఇచ్చిన తాడు. అపరాధభావంతో విరిదియానా కాన్వెంటుకు వెళ్లకుండా ఆ ఇంట్లోనే ఉండి బిచ్చగాళ్లను చేరదీస్తుంది. వాళ్లు ఇల్లు ఖాళీగా ఉన్న రాత్రి విందు చేసుకుంటూ యేసు చివరి విందు చిత్రంలోలా వరసగా చేరి ‘ఫొటో’ దిగుతారు. వాటికన్‌కు కోపం తెప్పించింది ఈ దృశ్యమే. ఆ తాడు మళ్లీ కనిపిస్తుంది. విరిదియానా మీద పడిన బిచ్చగాడి నడుముకు అది బెల్టు.

ఆ సినిమాలో నన్ను అన్నిటికన్నా వెంటాడేది ఒక చిన్న సంఘటన. విరిదియానా బంధువు హోర్హే ఆధునికుడు, మతం పట్టనివాడు. ఒక బండి ఇరుసుకు కట్టేసిన కుక్క ఆ బండితో పాటే పరుగెత్తలేక పరుగెత్తడం చూసి, డబ్బిచ్చి కొని విడిపిస్తాడు. అతను సంతోషంగా తిరిగి వెళ్తుంటే వెనకనుంచి ఎదురు దిశలో ఇంకో బండి పోతుంది, దాని కిందా ఇంకో కుక్క కట్టేసి ఉంటుంది. హోర్హే చూడడు. మనం చూస్తాం. దానం చేయొద్దని బున్యుయెల్ చెప్తున్నాడని కొందరు ఈ దృశ్యాన్ని వాదిస్తారు. నాకలా అనిపించదు. కుక్కను విడిపించడం మంచిదే, అతను చేసిందీ మంచిపనే. ఆ ఒక్కదాంతో మనసు తేలికపడిపోవడాన్నే ఆయన ఒప్పుకోడు.

ముగింపు విషయంలో సెన్సారు ఆయనకు తెలియకుండానే మేలు చేసింది. మొదట రాసిన ప్రకారం విరిదియానా హోర్హే గది తలుపు తడుతుంది, లోపలికి వెళ్తుంది, తలుపు మూసుకుంటుంది. కుదరదన్నారు. దాంతో హోర్హే, పనిమనిషి, విరిదియానా ముగ్గురూ బల్ల చుట్టూ పేకాటకు కూర్చునేలా మార్చాడు. చివరికి నువ్వు నాతో పేకాడతావని నాకు ముందే తెలుసు అన్నట్టు హోర్హే ఒక మాటంటాడు. సెన్సారు సంతృప్తి పడింది. ముగ్గురి మధ్య సంబంధాన్ని సూచించే ఆ ముగింపు మొదటిదాని కంటే ఎన్నో రెట్లు ధైర్యమైనది. నేరుగా చూపించలేనప్పుడు మరింత లోతుగా గుచ్చే దారి వెతకడం ఆయన జీవితమంతా చేసిన పని.

మరుసటి ఏడాది ‘ఎల్ ఆంహెల్ ఎక్స్తెర్మినదోర్’. సంపన్నులు ఒక బంగళాలో రాత్రి విందుకు వస్తారు. విందయ్యాక ఎవరూ ఆ గది దాటి వెళ్లలేకపోతారు. తలుపు తెరిచే ఉంటుంది, అడ్డం ఏమీ లేదు, అయినా వెళ్లలేరు. రోజులు గడుస్తాయి, గోడ పగలగొట్టి పైపు నీళ్లు తాగుతారు, దారి తప్పి వచ్చిన గొర్రెల్ని కోసుకుంటారు. ఎందుకిలా అంటే కారణం లేదు. కారణం లేదన్నదే సరైన వివరణ అని బున్యుయెల్ అన్నాడు. లాక్‌డౌన్ రోజుల్లో ప్రపంచమంతా ఈ సినిమాను మళ్లీ గుర్తు చేసుకుంది. కానీ ఆ పోలిక నాకు సగమే నప్పుతుంది. లాక్‌డౌన్‌లో మనల్ని బైటినుంచి ఆపారు, వీళ్లను ఎవరూ ఆపలేదు.

అరవై దాటాక ఆయన మళ్లీ ఫ్రాన్స్‌లో తీయడం మొదలుపెట్టాడు. రచయిత జాన్-క్లోద్ కారియేర్, నిర్మాత సెర్జ్ సిల్బర్మన్ తోడయ్యారు. ‘బెల్ ద జూర్’ (1967) వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. పగటిపూట వేశ్యాగృహంలో పనిచేసే గృహిణిగా కాత్రీన్ దెన్యూవ్ నటించిన ఆ సినిమాలో ఒక విటుడు ఒక పెట్టె తెస్తాడు. లోపల ఏదో గుయ్యిమంటుంటుంది, ఏముందో మనకు చూపించరు. జీవితాంతం జనం ఆయన్ని అందులో ఏముందని అడుగుతూనే ఉన్నారు. మీకేం కావాలంటే అది ఉందనేవాడు. 1972 నాటి ‘బూర్జువా వర్గపు నిరాడంబర ఆకర్షణ’లో ఆరుగురు స్నేహితులు భోజనానికి కూర్చుంటారు, ఏదో ఒక అడ్డు వచ్చి ఎప్పటికీ తినలేకపోతారు. ఫ్రాన్స్ తరఫున అది ఆస్కార్ గెలిచింది. ఆఖరి సినిమాలో (1977) కథానాయిక పాత్రను కరోల్ బుకే, ఆంహెల మొలీనా ఇద్దరూ మార్చి మార్చి పోషిస్తారు. ఆమె వెంటపడే మగవాడు ఆ తేడానే గమనించడు. 1983 జులై 29న మెక్సికో నగరంలో బున్యుయెల్ కన్నుమూశాడు.

తెరమీద మగవాళ్ల అహాన్ని ఇంత నిర్దయగా విప్పి చూపిన మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడో భార్య జాన్ రుకార్ తన జ్ఞాపకాల్లో రాసింది. తన పియానోను ఆయన వేరొకరికి ఇచ్చేశాడట. పుస్తకం పేరులోనే ఆ లోటు ఉంది: ‘పియానో లేని ఒక స్త్రీ జ్ఞాపకాలు’. భార్యను అనుమానంతో కాల్చుకుతినే భర్త కథ ‘ఎల్’ (1953) చూసినవాళ్లు ఈ పుస్తకం సంగతి కూడా తెలుసుకోవాలి. ఆ పాత్ర ఆయనకు అంత బాగా ఎలా తెలుసో కొంత అర్థమవుతుంది.

తర్వాతి తరాల మీద ఆయన ప్రభావం అనగానే కలల దృశ్యాలు, చీమలు, వింతలు లెక్కపెడుతుంటారు. అది పైపై పోలిక. స్పెయిన్‌లోనే చూస్తే దర్శకుడు కార్లోస్ సౌరా ఫ్రాంకో కాలంలో నేరుగా అనలేని మాటల్ని కుటుంబ కథల్లో దాచి చెప్పడం బున్యుయెల్ దగ్గర నేర్చుకున్నాడు, తన ‘పెపెర్‌మింట్ ఫ్రాపే’ను ఆయనకే అంకితమిచ్చాడు. మరో స్పెయిన్ దర్శకుడు పెద్రో అల్మోదోవార్ తన ‘కార్నె త్రెముల’ (1997)లో ఒక టీవీలో బున్యుయెల్ పాత సినిమా ఆడుతున్నట్టు పెట్టాడు. వింత కోరికలున్న మనుషుల్ని వెక్కిరించకుండా, సంజాయిషీ అడగకుండా చూపించే అల్మోదోవార్ పద్ధతిలో ఆ వారసత్వం స్పష్టం. గది దాటలేని అతిథుల కథను బ్రిటిష్ స్వరకర్త థామస్ ఆడెస్ 2016లో ఒపెరాగా మలిచాడు. ఆ కథనూ, భోజనం దొరకని స్నేహితుల కథనూ కలిపి అమెరికన్ స్వరకర్త స్టీఫెన్ సాండ్‌హైమ్ చేసిన ఆఖరి సంగీత నాటకం ఆయన మరణానంతరం 2023లో న్యూయార్క్‌లో వేదికెక్కింది.

ఈయన సినిమాలు ఇంతవరకు చూడనివాళ్లకు ఒక మాట. కన్ను కోసే సినిమాతో మొదలుపెట్టకండి. అందరూ దానితోనే మొదలుపెట్టి, ఆయనంటే అంతే అనుకుని ఆగిపోతారు. ముందు ‘లోస్ ఒల్విదాదోస్’ చూడండి, గంటన్నర కూడా ఉండదు. ఆ వెంటనే ‘విరిదియానా’. ఈ రెండూ అయ్యాక గది దాటలేని అతిథుల దగ్గరికి వెళ్లండి. అప్పటికి మీకు అర్థాలు వెతికే అలవాటు కొంత తగ్గి, మనుషుల ముఖాలు చూసే అలవాటు పెరిగి ఉంటుంది. 1929 నాటి ఆ చిన్న సినిమా వాటి తర్వాతే చూడండి.